నరం సన్నబడిందా? కాన్వాస్ జబ్బులో నరాల స్కాన్ చేయించడం, రిపోర్టు చదవడం ఎలా

మా పెద్దమ్మ కాలి చెప్పు ఎక్కడ జారిపోయిందో ఆవిడకు తెలిసేది కాదు. పెళ్ళికి వెళ్ళి, ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఖాళీగా ఇంటికి వచ్చేది. "ఎక్కడో ఊడిపోయిందే" అని కూర్చునేది. పొద్దున్నే కుళాయి దగ్గర ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకోగానే ముందుకు తూలి గోడ పట్టుకునేది. అరవై దాటిన మనిషి, షుగర్ కూడా ఉంది. షుగర్ నరాల మీద పడిందని ఇంట్లో అందరం అనుకున్నాం. ఇక ఆ పొడి దగ్గు సంగతి ఎవరికీ పట్టలేదు. నా చిన్నప్పటి నుంచీ ఆవిడ దగ్గుతూనే ఉండేది. అది ఆవిడ గొంతులో ఒక భాగమనే అనుకునేవాళ్ళం.

జబ్బు పేరు తెలియడానికి ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళలో రెండుసార్లు "నరాల స్కాన్" చేయించాం. మొదటిది అసలు నరాల స్కానే కాదు. రెండోది నరాలదే, కానీ చివర్లో "నరాల వాపు లేదు, నార్మల్" అని ఒక్క వాక్యం రాసి ఇచ్చారు. మేం ఆ వాక్యం చదివి ఊపిరి పీల్చుకున్నాం. మాకు కావలసిన జవాబు అదే కాగితం మీద, పైనున్న అంకెల్లో ఉంది. ఆ అంకెలు చదవాలని మాకు తెలియలేదు. మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే మీకు అంత కాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను. నేను డాక్టరును కాదు. ఇందులో ఉన్నదంతా మీ న్యూరాలజిస్టుతో మాట్లాడేటప్పుడు పనికొచ్చేదే తప్ప, ఆయన బదులు నిర్ణయం తీసుకోవడానికి కాదు.

ముందు జబ్బు సంగతి కొంచెం

దీని పేరు కాన్వాస్. చిన్నమెదడు దెబ్బతినడం, స్పర్శ నరాలు చచ్చుబడటం, లోపలి చెవిలోని బ్యాలెన్స్ వ్యవస్థ పనిచేయకపోవడం, ఈ మూడూ ఒకే మనిషిలో కలిసి వస్తాయి. ఆ మూడు ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలతో 2011లో ఆస్ట్రేలియా వైద్యులు ఈ పేరు పెట్టారు. మనిషి నిలబడాలంటే కళ్ళు, చెవిలోని బ్యాలెన్స్ అవయవం, కాళ్ళ నుంచి వచ్చే స్పర్శ, ఈ మూడూ మెదడుకు కబురు పంపాలి. కాన్వాస్‌లో రెండు దారులు మూసుకుపోతాయి, ఇక మిగిలేది కళ్ళే. అందుకే చీకటి పడితే, సబ్బు రాసుకుంటే, చీర తల మీదుగా తీసేటప్పుడు తూలిపోతారు.

ఎక్కువమందిలో ఇది యాభై ఏళ్ళ ప్రాంతంలో బయటపడుతుంది. పొడి దగ్గు మాత్రం అంతకు పదేళ్ళు, ఇరవై ఏళ్ళు ముందే మొదలై ఉండవచ్చు. 2019లో లండన్‌లో ఆండ్రియా కోర్టెసె, హెన్రీ హోల్డెన్ బృందం దీని జన్యు కారణం కనిపెట్టింది. నాలుగో క్రోమోజోమ్ మీద ఆర్‌ఎఫ్‌సీ1 అనే జన్యువు ఉంది. అందులో ఒకచోట ఏఏఏఏజీ అనే ఐదు అక్షరాలు మామూలుగా పదకొండుసార్లు వరసగా వస్తాయి. జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి వాటి స్థానంలో ఏఏజీజీజీ అనే వేరే వరస వందలసార్లు, కొందరిలో వేయిసార్లకు పైగా వస్తుంది. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, సాధారణంగా రెండు కాపీలూ అలా వస్తేనే జబ్బు. మా పెద్దమ్మ అమ్మానాన్నలది మేనరికం. మన ఇళ్ళలో ఇది మామూలే కాబట్టి, ఇలాంటి జబ్బుల విషయంలో ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. వాళ్ళు అడగకపోయినా చెప్పండి.

స్కాన్‌కు ముందు ఇంట్లో చేయాల్సిన పని

ఒక తెల్ల కాగితం తీసుకుని, మనిషికి ఏమవుతోందో మామూలు మాటల్లో రాయండి. "తిమ్మిర్లు, నీరసం" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. చెప్పు ఊడితే తెలుస్తోందా? చీకట్లో బాత్రూంకు వెళ్ళగలుగుతున్నారా? నడుస్తూ ఉండగా దుకాణం బోర్డులు ఊగినట్టు, చదవడానికి వీల్లేకుండా కనిపిస్తున్నాయా? ఆగి చూస్తే సరిగ్గా కనిపిస్తున్నాయా? ఈ చివరిది చెవి బ్యాలెన్స్ పోయినవాళ్ళు చెప్పే మాట. మా పెద్దమ్మ దీన్ని "బస్సులో పేపరు చదివినట్టుంది" అనేది. మేం కళ్ళజోడు మార్పించాం.

దగ్గు ఎప్పటి నుంచి ఉందో రాయండి. లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయా అన్నది కూడా రాయండి, ఎందుకంటే ఈ జబ్బులో కొందరికి నిలబడితే బీపీ పడిపోతుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళలో ఇంకెవరికైనా తూలడం ఉందా, అమ్మానాన్నలు మేనరికమా అన్నవి అడుగున రాయండి.

ఆ తర్వాత ఇంట్లో ఉన్న మందుల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకోండి. ముఖ్యంగా బి-కాంప్లెక్స్ మాత్రలు. వాటిలో బి6 ఎన్ని మిల్లీగ్రాములుందో చూడండి. ఎక్కువ మోతాదులో ఏళ్ళ తరబడి వేసుకుంటే బి6 తానే స్పర్శ నరాలను పాడుచేస్తుంది. "నరాల బలానికి" అని మనం వేసే మాత్రే నరాన్ని తినేయవచ్చు. ఎముకల్లోకి లాగుతోందని పక్కింటివాళ్ళు చెప్పారని తెచ్చుకున్న మాత్రలు కూడా ఆ కవర్లో వేయండి.

షుగర్, బి12, థైరాయిడ్ పరీక్షలు ఎలాగూ చేస్తారు. షోగ్రెన్ అనే ఆటోఇమ్యూన్ జబ్బు కూడా స్పర్శ నరాల మూలకణాలను (అంటే నరం మొదలయ్యే కణాలను, స్టెమ్ సెల్స్ కాదు) చంపగలదు కాబట్టి దానికీ రక్తపరీక్ష రాయవచ్చు. కీమోథెరపీ ఎప్పుడైనా చేయించుకుని ఉంటే అది ముందే చెప్పండి.

కరెంటు పరీక్ష ముందు, స్కాన్ తర్వాత

అందరూ కరెంటు పరీక్ష అనే నర్వ్ కండక్షన్ టెస్టు మొదట జరగాలి. చేతి మీద, కాలి మీద చిన్న చిన్న షాకులు ఇచ్చి నరం సంకేతాన్ని ఎంత వేగంగా, ఎంత బలంగా మోస్తోందో చూస్తారు. కాన్వాస్‌లో స్పర్శ నరాల సంకేతాలు చేతుల్లో, కాళ్ళలో దాదాపు అన్నిచోట్లా పోతాయి. కండరాలను కదిలించే నరాలు మాత్రం చాలావరకు బాగానే ఉంటాయి.

ఈ "అన్నిచోట్లా" అన్నదాన్ని పట్టుకోండి. షుగర్ నరాల జబ్బు సాధారణంగా పాదాల దగ్గర మొదలై పైకి పాకుతుంది. పొడుగాటి నరాలు ముందు దెబ్బతింటాయి. మోకాళ్ళ దాకా వచ్చాక గానీ చేతి వేళ్ళు తిమ్మిరెక్కవు. కాన్వాస్‌లో చేతి వేళ్ళ సంకేతం కూడా మొదట్లోనే పోవచ్చు. కారణం ఏమిటంటే, దెబ్బ నరం చివర కాదు, నరం మూలంలో తగులుతుంది. వెన్నుపాము పక్కన గుత్తులు గుత్తులుగా స్పర్శ నరాల మూలకణాలుంటాయి. ఒక్కో కణం నుంచి ఒక తీగ వేలి దాకా వెళుతుంది, ఇంకో తీగ వెన్నుపాములోకి వెళుతుంది. ఆ మూలకణమే చస్తే రెండు తీగలూ ఎండిపోతాయి. స్కాన్‌లో చూడబోయేదంతా ఈ ఒక్క సంగతి వల్లే కనిపిస్తుంది.

చీటీలో ఏం రాయించాలి

ఇక్కడ మేం మొదటిసారి బోల్తా పడ్డాం. తెలుగులో రక్తనాళాన్నీ నరమనే అంటాం, స్పర్శ మోసే దాన్నీ నరమనే అంటాం. ఇంజెక్షన్ వేసేటప్పుడు "నరం దొరకట్లేదు" అంటే అది రక్తనాళం. మేం కౌంటర్ దగ్గర "కాళ్ళ నరాల స్కాన్" అన్నాం. వాళ్ళు రక్తనాళాల డాప్లర్ చేసి, రక్తం గడ్డలు లేవని రిపోర్టు ఇచ్చారు. డబ్బు కట్టి, రోజంతా కూర్చుని, అడగని ప్రశ్నకు జవాబు తెచ్చుకున్నాం.

కాబట్టి నోటితో చెప్పకండి. చీటీలో "పెరిఫెరల్ నర్వ్ అల్ట్రాసౌండ్" అని న్యూరాలజిస్టు చేత రాయించండి. దాని కింద ఏ నరాలు కొలవాలో కూడా రాయమని అడగండి. చేతిలో మీడియన్, అల్నార్ నరాలు, కాలిలో టిబియల్, సూరల్ నరాలు, రెండువైపులా. ఒక్కచోట కాకుండా, చేతి నరాన్ని మణికట్టు దగ్గర, ముంజేతి మధ్యలో, భుజం కింద జబ్బ మధ్యలో, ఇలా మూడుచోట్ల కొలిస్తే మంచిది. ప్రతిచోటా నరం అడ్డుకోత వైశాల్యం, అంటే సీఎస్‌ఏ, చదరపు మిల్లీమీటర్లలో రాయాలని చీటీలోనే ఉండాలి. "వాపు ఉందా లేదా" అని అడిగితే వాళ్ళు దానికే జవాబు చెబుతారు. మనకు కావలసింది వాపు కాదు.

అన్ని స్కానింగ్ సెంటర్లలోనూ నరాలు కొలిచే అలవాటు ఉండదు. కడుపు స్కాన్లు, గర్భిణుల స్కాన్లు చేసే చోట మిషన్ ఉన్నా, నరాలకు వాడే ఎక్కువ ఫ్రీక్వెన్సీ ప్రోబ్ (చర్మం మీద పెట్టి జరిపే పరికరం) ఉండకపోవచ్చు. కనీసం 15 మెగాహెర్ట్జ్ దాటిన ప్రోబ్ కావాలి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "చేతి నరాల సీఎస్‌ఏ కొలుస్తారా?" అని ఫోన్లో అడగండి. కొలవడం తెలిసినవాళ్ళు వెంటనే అవునంటారు. "ఒక్క నిమిషం, లైన్లో ఉండండి" అంటే ఇంకో చోట కనుక్కోండి.

స్కాన్ రోజు

పరగడుపున వెళ్ళనక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్ళు తినే వెళ్ళండి, మాత్రలు వేసుకునే వెళ్ళండి. రేడియేషన్ లేదు, సూది లేదు, నొప్పి లేదు. గాజులు, వాచీ, కంకణాలు ఇంట్లోనే తీసేయండి. చేతులు జబ్బ దాకా పైకి మడిచే బట్టలు వేయండి. మా పెద్దమ్మకు పదిహేనేళ్ళుగా తీయని గాజులు ఉండేవి. సబ్బు నీళ్ళతో తీయడానికి పొద్దున్నే గంట పట్టింది.

ఇంకో మాట, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. స్కాన్ గది చీకటిగా ఉంటుంది. స్క్రీన్ బాగా కనపడాలని లైట్లు ఆర్పేస్తారు. ఈ జబ్బు ఉన్న మనిషికి చీకటి అంటే కాళ్ళ కింద నేల మాయమవడమే. లోపలికి పంపేసి బయట కూర్చోకండి. మంచం ఎక్కేదాకా జబ్బ పట్టుకోండి. స్కాన్ అయ్యాక అరికాళ్ళకు, చీలమండకు అంటిన జెల్లు పూర్తిగా తుడిచి, చెప్పులు వేసి, లైటు వేయించి, అప్పుడు దింపండి. జెల్లు పాదంతో నున్నటి టైల్స్ మీద అడుగు పెట్టడం మంచి ఆరోగ్యం ఉన్నవాళ్ళకే ప్రమాదం. మంచం మీద నుంచి ఒక్కసారిగా లేపవద్దు. రెండు నిమిషాలు కూర్చోబెట్టి, కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగి, లేదంటేనే నిలబెట్టండి.

తెర మీద ఏం కనిపిస్తుంది

డాక్టరు అనుమతిస్తే మీరూ తెర చూడండి. ముంజేతి మధ్యలో ప్రోబ్ అడ్డంగా పెడితే పైన చర్మం, కింద కొవ్వు, దాని కింద కండరాలు బూడిద రంగు పొరలుగా కనిపిస్తాయి. రెండు కండరాల మధ్య ఒక చిన్న గుండ్రటి మచ్చ. దగ్గరగా చూస్తే అది ఒట్టి మచ్చ కాదు, తేనెపట్టు. తెల్లటి గోడల మధ్య నల్లటి చిన్న చిన్న గదులు. ఆ ఒక్కో నల్ల గది ఒక నరపు పోగుల కట్ట. అదే మీడియన్ నరం. డాక్టరు ప్రోబును మణికట్టు వైపు, మళ్ళీ మోచేతి వైపు జరుపుతుంటే ఆ మచ్చ ఏనుగు మీద అంబారీలా కండరాల మధ్య ఊగుతూ వెంట వస్తుంది. స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ళు కూడా అలాగే కనిపిస్తాయి. కానీ వేళ్ళు కదిపితే తాడు బాగా జరుగుతుంది, నరం అంతగా జరగదు.

తర్వాత డాక్టరు బొమ్మను ఆపి, తేనెపట్టు చుట్టూ ఉన్న తెల్లటి అంచుకు లోపలి పక్కగా ఒక గీత గీస్తారు. మిషన్ ఆ గీత లోపలి వైశాల్యం లెక్కకడుతుంది. ఆ అంకే సీఎస్‌ఏ. గీత అంచు లోపల గీశారా, బయట గీశారా అన్నదాన్ని బట్టి ఒక చదరపు మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది. సన్నటి నరంలో ఒక చదరపు మిల్లీమీటరు అంటే చాలా తేడా. అందుకే ఒక్కోచోట రెండు మూడుసార్లు కొలిచి సగటు తీసుకునేవాళ్ళు నమ్మదగినవాళ్ళు.

పిక్క వెనక సూరల్ నరం ఉత్త స్పర్శ నరం. అది మంచి ఆరోగ్యం ఉన్నవాళ్ళలోనే సన్నగా ఉంటుంది. మా పెద్దమ్మ పిక్క మీద డాక్టరు చాలాసేపు వెతికారు. దాని పక్కనే వెళ్ళే చిన్న రక్తనాళం కనిపించింది. ప్రోబు నొక్కితే రక్తనాళం అణిగిపోతుంది, నరం అణగదు. అలా నొక్కి నొక్కి చూసి, చివరికి రక్తనాళం పక్కన ఆవగింజంత బూడిద చుక్కను చూపించి, "ఇదేనండీ" అన్నారు.

రిపోర్టు చదవడం

ఇక అసలు సంగతి. నరాల జబ్బంటే నరం ఉబ్బుతుందని చాలామంది లెక్క. అది చాలా జబ్బుల్లో నిజమే. సీఐడీపీ అనే జబ్బులో రోగనిరోధక శక్తి నరాల పైతొడుగును కొరుకుతుంది, నరాలు అక్కడక్కడా లావెక్కుతాయి. వంశపారంపర్యంగా వచ్చే షార్కో-మేరీ-టూత్ జబ్బు ఒకటో రకంలో నరాలు పొడుగునా లావుగా ఉంటాయి. మన దేశంలో చేతి నరం లావెక్కింది అనగానే మంచి డాక్టరు మొదట కుష్టు గురించి ఆలోచిస్తారు, అందులో మోచేతి పైన అల్నార్ నరం తాడులా చేతికి తగులుతుంది. షుగర్‌లో కూడా నరం కాస్త లావు కావచ్చు.

కాన్వాస్‌లో నరం సన్నబడుతుంది. న్యూజిలాండ్‌లో లూసియానా పెలోసి, తోటి వైద్యులు కాన్వాస్ ఉన్నవాళ్ళ నరాలను కొలిచి, మంచి ఆరోగ్యం ఉన్నవాళ్ళ నరాలతోనూ, వేరే రకం నరాల జబ్బు ఉన్నవాళ్ళ నరాలతోనూ పోల్చారు. రెండు గుంపులకంటే కాన్వాస్ ఉన్నవాళ్ళ నరాలే సన్నగా ఉన్నాయి. మూలకణమే పోతే దాని తీగ మళ్ళీ మొలవదు, కట్టలో పోగులు తగ్గిపోతాయి, కట్ట చిక్కిపోతుంది. మీడియన్ లాంటి నరంలో స్పర్శ పోగులతో పాటు కదలిక పోగులు కూడా ఉంటాయి, అవి మిగులుతాయి కాబట్టి నరం పూర్తిగా మాయం కాదు.

ఇప్పుడు రిపోర్టు తీయండి. చివరి వాక్యాన్ని చేత్తో మూసేయండి. పైన అంకెలు చూడండి. ముంజేతి మధ్యలో మీడియన్ నరం పెద్దవాళ్ళలో సుమారు 6 నుంచి 8 చదరపు మిల్లీమీటర్లు ఉంటుంది. మా పెద్దమ్మకు రెండు చేతుల్లోనూ 4 ఉంది. చాలా రిపోర్టుల్లో పక్కన "నార్మల్: 10 కంటే తక్కువ" అని పై హద్దు ఒక్కటే రాసి ఉంటుంది. 4 అన్నది 10 కంటే తక్కువే కాబట్టి నార్మల్ అయిపోతుంది. మాకు జరిగింది సరిగ్గా ఇదే. కింది హద్దు ఎంత అని అడగండి. మీ సెంటర్ వాళ్ళ దగ్గర వాళ్ళు కొలిచిన మామూలు మనుషుల అంకెలు ఉంటే వాటితో పోల్చమనండి. మనిషి ఎత్తు, బరువు, మణికట్టు చుట్టుకొలత, ఆడా మగా అన్నదాన్ని బట్టి నరం సైజు మారుతుంది. సన్నటి, పొట్టి ఆడమనిషిలో కొంచెం చిన్న నరం జబ్బు కాకపోవచ్చు.

మణికట్టు దగ్గర అంకెను మాత్రం నమ్మకండి. ఇంటిపని చేసే ఆడవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో, థైరాయిడ్ ఉన్నవాళ్ళలో కార్పల్ టన్నెల్ అనే మణికట్టు జబ్బు చాలా ఎక్కువ. అక్కడ నరం నొక్కుకుని ఉబ్బుతుంది. కాన్వాస్ వల్ల చిక్కిన నరం మణికట్టు దగ్గర ఉబ్బి మామూలు సైజుకు వచ్చేసి కనిపించవచ్చు. ముంజేయి, జబ్బ దగ్గర కొలతలు అడగమన్నది ఇందుకే. రెండువైపులా, అన్నిచోట్లా ఒకేలా సన్నగా ఉందంటే అప్పుడు లెక్కలోకి తీసుకోవాలి. ఒక్కచోట సన్నబడి ఉంటే కొలతలో తప్పు పడి ఉండొచ్చు.

ఇది కాన్వాస్ అని స్కాన్ ఒక్కటే తేల్చదు. ఎస్‌సీఏ2 అనే ఇంకో వంశపారంపర్య చిన్నమెదడు జబ్బులోనూ నరాలు సన్నబడతాయి, అది మన దేశంలో అరుదేమీ కాదు. అది తల్లికో తండ్రికో ఉండి బిడ్డకు వచ్చే రకం, కంటిచూపు పక్కకు తిప్పడం నెమ్మదిస్తుంది. అదే ఫ్రీడ్రిక్ అటాక్సియాలో చేతి నరాలు మామూలుకంటే కాస్త లావుగా ఉంటాయి. స్కాన్ ఏ దారిలో వెతకాలో చూపిస్తుంది. సీఐడీపీ అనుకుని స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్ మొదలుపెట్టబోయే ముందు నరం లావా, సన్నమా అని ఒకసారి చూస్తే అనవసరమైన మందు తప్పవచ్చు. ఇది నా దృష్టిలో ఈ స్కాన్ చేసే అన్నిటికన్నా పెద్ద మేలు.

ఎమ్మారైలో ఏం అడగాలి

తల ఎమ్మారైతో పాటు మెడ, వీపు దగ్గర వెన్నుపాము ఎమ్మారై కూడా అడగండి. మూలకణం నుంచి రెండో తీగ వెన్నుపాములోకి వెళుతుందని చెప్పాను కదా. అవి చనిపోతే వెన్నుపాము వెనక భాగంలో, స్పర్శను మోసే దారిలో, టీ2 అనే రకం ఎమ్మారై బొమ్మల్లో తెల్లటి మెరుపు కనిపిస్తుంది. వెన్నుపాము సన్నబడినట్టు కూడా రాయవచ్చు. ఇదే మెరుపు బి12 లోపంలోనూ వస్తుంది, అందుకే బి12 పరీక్ష కాగితం పక్కనే పెట్టి చూపించండి.

తల ఎమ్మారైలో చిన్నమెదడు నడిమధ్య భాగాన్ని వర్మిస్ అంటారు. అది చిక్కిపోయిందేమో చూస్తారు. మొదట్లో తల ఎమ్మారై మామూలుగానే ఉండవచ్చు, అది చూసి జబ్బు లేదని అనుకోకూడదు.

దగ్గు ఉన్నవాళ్ళను ఎమ్మారైలో పడుకోబెట్టడం ఒక సమస్య. ఒక్కో సీక్వెన్సు, అంటే బొమ్మలు తీసే ఒక్కో విడత, కొన్ని నిమిషాలు నడుస్తుంది, మధ్యలో దగ్గితే బొమ్మ మసకేసి మళ్ళీ మొదలుపెడతారు. ముందే టెక్నీషియన్‌కు చెప్పండి. సీక్వెన్సుకూ సీక్వెన్సుకూ మధ్య శబ్దం ఆగినప్పుడు దగ్గమని, గుటక వేయమని రోగికి చెప్పి పంపండి. మా పెద్దమ్మ "ఆ టకటక ఆగినప్పుడల్లా దగ్గాను నాన్నా" అని తర్వాత చెప్పింది.

చెవి బ్యాలెన్స్ పరీక్ష కూడా ఈ దశలోనే పూర్తిచేయండి. కళ్ళకు కెమెరా ఉన్న అద్దాలు పెట్టి, తలను టక్కున పక్కకు తిప్పి, కళ్ళు ఎంత త్వరగా సర్దుకుంటాయో చూసే వీడియో హెడ్ ఇంపల్స్ పరీక్ష అది. అయిదు నిమిషాల పని. మెడ నొప్పి ఉంటే ముందే చెప్పండి.

జన్యు పరీక్ష దగ్గర ఒక జాగ్రత్త

అన్నీ ఒకే దిక్కు చూపిస్తుంటే రక్తం జన్యు పరీక్షకు పంపుతారు. ఇక్కడ మోసపోవద్దు. ఎక్సోమ్ సీక్వెన్సింగ్ అని వేల జన్యువులు ఒకేసారి చదివే పరీక్ష ఉంది. దానికి ఖర్చు బాగానే అవుతుంది, రిపోర్టు లావుగా వస్తుంది. కానీ కాన్వాస్‌లో తప్పు జన్యువులో ప్రోటీన్ రాసే భాగంలో లేదు, మధ్యలోని ఇంట్రాన్ అనే భాగంలో ఉంది. పైగా అది ఒకే మాట వందలసార్లు తిరిగి రావడం. మామూలు ఎక్సోమ్ దాన్ని పట్టుకోదు. "ఎక్సోమ్‌లో ఏమీ లేదు, వంశపారంపర్యం కాదు" అని ఎవరైనా అంటే, ఆర్‌ఎఫ్‌సీ1 రిపీట్ ఎక్స్‌పాన్షన్ పరీక్ష విడిగా చేశారా అని అడగండి. రిపీట్-ప్రైమ్డ్ పీసీఆర్, సదరన్ బ్లాట్, లేదా లాంగ్-రీడ్ సీక్వెన్సింగ్, వీటిలో ఏది చేశారో రిపోర్టులో రాసి ఉండాలి. రక్తం ఇచ్చేముందే ల్యాబ్‌ను అడగడం మంచిది.

ఫలితం వచ్చాక జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరకు ఒక్కరే వెళ్ళకండి, తోబుట్టువులను కూడా తీసుకెళ్ళండి. రెండు కాపీలూ తప్పుగా ఉన్నవాళ్ళ తోడబుట్టినవాళ్ళలో ఒక్కొక్కరికి నాలుగో వంతు అవకాశం ఉంటుంది. పిల్లలకు ఒక కాపీ తప్పకుండా వస్తుంది, కానీ జీవిత భాగస్వామి కూడా ఆ కాపీ మోస్తుంటేనే పిల్లలకు జబ్బు వస్తుంది. మేనరికం చేసుకున్న ఇంట్లో ఆ అవకాశం ఎక్కువ. మా ఇంట్లో ఈ మాట ఎత్తినప్పుడు పెద్దవాళ్ళు నొచ్చుకున్నారు, పెళ్ళి సంబంధాలను తప్పుపడుతున్నట్టు వినిపించింది. కౌన్సెలర్ అయితే అదే విషయాన్ని ఒక కాగితం మీద నాలుగు గుండ్రాలు గీసి చెప్పారు, ఎవరూ నొచ్చుకోలేదు.

పేరు తెలిశాక

జబ్బును ఆపే మందు ఇప్పటికి లేదు. కానీ పడిపోవడం ఆపవచ్చు, తుంటి విరగడం ఆపవచ్చు. బ్యాలెన్స్ ఫిజియోథెరపీ వారానికి కొన్నిసార్లు చేయించండి. పడకగది నుంచి బాత్రూం దాకా నేల మట్టాన చిన్న లైట్లు పెట్టండి, రాత్రంతా వెలుగుతూ ఉండాలి, కరెంటు పోతే తనంతట తాను వెలిగే లైటు ఒకటి అదనంగా. ముఖం కడుక్కోవడానికి స్టూలు వేయండి. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనండి, జారి ఊడేవి వద్దు. అరికాళ్ళు రోజూ చూడండి, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. దగ్గుకు సిరప్పులు మార్చి మార్చి తాగించకుండా, నరాల వల్ల వచ్చే దగ్గుకు వాడే మందులు ఉన్నాయేమో న్యూరాలజిస్టును అడగండి.

రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో, తేదీల వరసలో పెట్టండి. నరాల స్కాన్ రిపోర్టు పై పేజీ. అందులో ముంజేతి అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. ఏడాది తర్వాత మళ్ళీ కొలిపిస్తే అదే సెంటర్‌లో, వీలైతే అదే డాక్టరు చేత కొలిపించండి. మా పెద్దమ్మ తమ్ముడికి ఈ మధ్య పొడి దగ్గు మొదలైంది. మామయ్యకు ఇంకా తూలడం లేదు. ఆయన చీటీలో ఈసారి నేనే డాక్టరు గారిని అడిగి రాయించాను: మీడియన్, అల్నార్, టిబియల్, సూరల్, రెండువైపులా, సీఎస్‌ఏ.